తెర ఇవతల నుంచి విన్న పన్నెండు మాటలు

శుక్రవారం. పొద్దున్నుంచి ముసురు. వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టే పని మానుకుని, ఇంట్లో కూచుని రెండు చీరలకు సరిపడా నూలు కండెలు చుట్టినాను.

నా రోజుపుస్తకంలో ఆ పూటకు ఇంతవరకే ఉంది. పదకొండు గంటలప్పుడు తిరువళ్ళూరు నుంచి ఫోను వచ్చింది. అక్కడి ఆస్పత్రిలో పిల్లల మెదడు పరీక్షలు చేసే గది ఒకటుంది. ఆ గదిలో సాయంగా ఉండే అమ్మాయి మాట్లాడింది.

"అన్నా, మేడమ్ పోయినారు. మొన్న బుధవారం. ఒంట్లో బాగలేదని మాకు గూడా సరిగ్గా చెప్పలేదు. ఆదివారం అందరం ఇక్కడే కూడుతున్నాం. మీరు రావాల. మీ పాప గురించి ఎప్పుడూ చెప్తా ఉండేవారు."

వస్తానన్నాను. ఫోను పెట్టేసి కండె చేతిలోకి తీసుకున్నాను. ఎంతవరకు చుట్టినానో గుర్తు రాలేదు.

చదివే మీలో కొందరికి ఆమె తెలియదు. పేరు రాయను. నా నోట ఎప్పుడూ 'మేడమ్' అనే వచ్చింది, ఇప్పుడు పేరు పెట్టి రాయడానికి చెయ్యి రాదు. తలకు చిన్న దెబ్బ తగిలిన పిల్లలు ఎట్లా కోలుకుంటారో ఏండ్ల తరబడి పరిశోధన చేసిన మనిషి. మా పాపను బాగుచేసిన మనిషి. ఆమె పని మీద ఒక మచ్చ ఉంది. ఆ మచ్చ నాది. ఆమె బతికుండగా నలుగురిలో ఆ మాట చెప్పాల్సినవాణ్ణి, చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఐదో తరగతి వరకు తమిళ బడిలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు పాత పంచాంగాలు చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నాలుగేండ్ల కింద పాపకు తొమ్మిదేండ్లు. ఒకరోజు బండి మీద నూలు కట్టలు వేసుకుని తిరుత్తణిలో మా ఇంటికి వస్తున్నాను. వెనక పాప. చివరి కట్టకు చోటు చాలక దాన్ని పాప ఒళ్ళో పెట్టి, "రెండు చేతులతో గట్టిగా పట్టుకో" అన్నాను. అది చెప్పిన మాట వినే పిల్ల. కట్టను పట్టుకుంది, నన్ను పట్టుకోలేదు. రైల్వే గేటు దాటినాక స్పీడ్ బ్రేకర్ దగ్గర నేను గట్టిగా బ్రేకు వేసినాను. బండి ఎగిరి దిగింది. పాప వెల్లకిలా పడింది.

స్పృహ పోలేదు. లేచి కూచుని, "నూలుకు మట్టి కాలేదు నాయినా" అంది.

ఒకసారి వాంతి చేసుకుంది. స్కాన్ తీసినారు. ఏమీ లేదు, రెండు రోజులు చూసుకోండి అన్నారు. ఏమీ లేదన్న మాటను నేను గట్టిగా పట్టుకున్నాను.

రెండు వారాలకు మొదలైంది. ఈరోజు ఏ వారమని అడిగి, చెప్పినాక మళ్ళీ అడిగేది. పుస్తకం పది నిమిషాలు చూస్తే తలనొప్పి. మా వీధిలో ఇంటికి రెండు పవర్‌లూములు ఆడతాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయిన పిల్ల, ఇప్పుడు చెవులు మూసుకుని గోడవైపు తిరిగి ఏడ్చేది. బడిలో టీచరు నన్ను పిలిపించి "నడిక్కిరా" అన్నారు. నటిస్తోంది అని. వీధిలో ఇంకో మాట మొదలైంది, పిల్లకు తల చెడిందని.

స్కాన్ తీసిన డాక్టరే తిరువళ్ళూరు గదికి పొమ్మని చీటీ రాసిచ్చినారు. అరక్కోణంలో లోకల్ మారి పోయినాము. కడంబత్తూరులో ఎదురు రైలు కూత వేసినప్పుడు పాప నా చొక్కాలో మొహం దాచుకుంది. అప్పుడు గూడా నేను, నలుగురు చూస్తున్నారే అనుకున్నాను.

మేడమ్‌ను చూస్తే డాక్టరని అనుకోరు. తిరువళ్ళూరు బజారులో కిరాణా కొట్టు పెట్టిన తెలుగువాళ్ళ ఇంటి ఆడపిల్ల, మాట మన మాటే. చెప్పులు గుమ్మం బయట విడిచి, నేల మీద పిల్లల ఎదురుగా కూచునేవారు. గడియారం ముంజేతి లోపలివైపుకు తిప్పి కట్టుకునేవారు, తాము టైము చూస్తున్నట్టు పిల్లలకు తెలియకూడదని. పెన్సిళ్ళు బ్లేడుతో తామే చెక్కేవారు. పరీక్ష అయిపోయినాక వేరుశనక్కాయలు పెట్టేవారు. ముందు పెడితే వాటి మీదే ధ్యాస పోతుందట.

"యాడ పడినావమ్మా?" అని అడిగినారు పాపను.

"బండి మీంచి."

"బండి ఎవరు తోలినారు?"

పాప నావైపు చూసి ఊరుకుంది. మేడమ్ ఆ మాట వదిలేసి ఇంకొకటి అడిగినారు.

"మనసులో లెక్కలు ఏ భాషలో చేస్తావు?"

"తమిళంలో."

"కోపం వస్తే?"

"తెలుగులో."

"నేనూ అంతే. అయితే అంకెలు తమిళంలో చెప్తా, మాటలు తెలుగులో చెప్తా. సరేనా?"

ఆ మాటల జాబితా ఆమె సొంతంగా తయారు చేసినది. పట్నంలో తయారైన పరీక్షల్లోని మాటలు, బొమ్మలు తమిళనాడు సరిహద్దులో ఉండే ఈ తెలుగు పిల్లలకు తెలియవు. "తెలియని బొమ్మకు పేరు చెప్పకపోతే అది పిల్ల తప్పా, పరీక్ష తప్పా?" అనేవారు. తిరుత్తణి నుంచి తామరైపాక్కం దాకా బళ్ళలో కూచుని, పిల్లలు ఏ మాటలు వాడతారో విని, వాటిలోంచి ఏరినారు. అప్పటికి ఒక్క జాబితానే సిద్ధమైంది. రెండోది ఇంకా చేస్తున్నారు. ఇదంతా నాకు తరవాత తెలిసింది.

గదిని ఒక నూలు తెరతో రెండుగా చేసి ఉంచినారు. "పరీక్ష అయ్యేదాకా మీరు బయట వరండాలో కూచోండి అన్నా" అన్నారు. బయటికి పోయినాను. కాసేపటికి మళ్ళీ లోపలికి వచ్చి, బెంచీని తెర దగ్గరికి జరుపుకుని కూచున్నాను. లోపల ఆమె నెమ్మదిగా చదువుతున్నారు. గంప, మేక, చీపురు, వాన. నిచ్చెన, ఉప్పు, గాజు, తలుపు. బండి, చింతపండు, గోరు, దీపం. పాప నాలుగు చెప్పింది. మళ్ళీ చదివితే ఐదు. అరగంట తరవాత అడిగితే రెండే. నాకు మాత్రం ఒక్కసారికే పన్నెండూ వచ్చేసినాయి. అంచులో పోగుల లెక్క నోటితో చెప్పుకుని నేసే పని మాది, విన్నది పోదు.

పరీక్ష అయిపోతానే నేను బెంచీ వెనక్కి జరిపి వరండాలోకి పోయి కూచున్నాను. ఆమె బయటికి వచ్చి చెప్పినారు: "భయపడాకండి. ఇట్లాంటి దెబ్బలు చానామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. కొందరికి ఇంకా టైము పడతాది. స్కాన్‌లో ఎముక కనపడతాది, రక్తం కనపడతాది. అలుపు కనపడదు. పాప నటించడంలా, అలిసిపోతా ఉంది."

"అంటే పోగు తెగలేదు, కాస్త వదులైంది, అంతే గదా మేడమ్?" అన్నాను, తెలిసినవాడిలాగా.

ఆమె నవ్వినారు. "మగ్గంతో పోల్చాకండి అన్నా. ఒకాయన ట్రాన్స్‌ఫార్మర్ అన్నాడు, ఇంకొకాయన బోరు మోటారు అన్నాడు. మెదడు మెదడు మాదిరే ఉంటాది."

నెల తరవాత మళ్ళీ రమ్మన్నారు. అంతవరకు సగం పూట బడి. పాప ఎంతసేపు నిద్రపోయింది, ఎంతసేపు చదివింది, తలనొప్పి ఎప్పుడు వచ్చింది, రోజూ రాయమన్నారు. రోజుపుస్తకం రాసే అలవాటు ఉందంటే సంతోషపడినారు. "అయితే మీరే నాకు సగం పని చేసిపెడతారు" అన్నారు.

ఆ నెల నేను చేసింది ఇది. రోజూ మాపటేళ పాపను మా చేతిమగ్గం పక్కన కూచోబెట్టి, ఆ పన్నెండు మాటలు నేర్పించినాను. అంచులో పువ్వు వేసేటప్పుడు ఏ పోగు ఎత్తాలో ఏది వదలాలో పక్కన ఒకరు చెప్పేవాళ్ళు, మా నాయన కాలంలో. నాలుగు మాటలకు ఒకసారి మగ్గం కింది పలకను కాలితో తొక్కుతాం. ఇప్పుడు వీధిలో ఆ పద్ధతి తెలిసినవాళ్ళు ముసలివాళ్ళే. పాపకు అది తెలియదు. ఈ పన్నెండు మాటల కోసమే దానికి నేర్పినాను. గంప మేక చీపురు వాన, తొక్కు. నిచ్చెన ఉప్పు గాజు తలుపు, తొక్కు.

నా భార్య వాకిట్లోంచి చూసి, "ఆయమ్మ చేస్తా ఉండేది వైద్యమయ్యా, బడి పరీక్ష గాదు. నీకు మార్కులేంటికి?" అంది.

"కాగితంలో తక్కువని రాస్తే అది జన్మంతా ఉంటాది. రేపు దీని పెండ్లికి గూడా అడుగుతారు" అన్నాను.

అది నిజమే, కానీ సగమే. మిగిలిన సగం ఇప్పుడు రాస్తున్నాను. కాగితంలో పాప బాగుందని ఉంటే, ఆ రోజు దాని చేతిలో నూలు కట్ట పెట్టిన తప్పు కూడా నాకు లేనట్టే అనుకున్నాను.

రెండోసారి పోయినప్పుడు పాప కళ్ళు మూసుకుని, కుడికాలు నేలకు తాటిస్తా, పన్నెండూ చెప్పింది. అరగంట తరవాత కూడా పన్నెండూ చెప్పింది. తెర ఇవతల నాకు గర్వంగా ఉంది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడతాది.

మేడమ్ బయటికి వచ్చి కాగితాలు చూసుకుంటా నిలబడినారు. "గీతలు కలిపేది, బొమ్మ గీసేది ఇంకా నెమ్మదిగానే ఉంది. మాటలు మాత్రం చానా బాగా చెప్పింది. ఇంట్లో ఎట్లుంది అన్నా? తలనొప్పి?"

"లేదు మేడమ్. ఇంట్లో చురుగ్గా ఉంది."

నేను తెచ్చిన రోజుపుస్తకంలో కూడా అట్లే రాసి ఉంది. ఆ నెలలో ఎనిమిది తొమ్మిది రోజులు తలనొప్పి అని రాయాల్సిన చోట 'మామూలు' అని రాసినాను. నా జన్మలో నేను దొంగ రాత రాసిన పుట అదొక్కటే. ఆమె దాన్ని చూసి, బడికి పూర్తి రోజు పంపవచ్చని చీటీ ఇచ్చినారు.

నాలుగు రోజులు బడికి పోయింది పాప. ఐదో రోజు ప్రార్థన లైనులో డప్పు కొడతా ఉంటే కింద కూలబడిందట. ఇంటికి తెచ్చినారు. కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకుంది. అప్పుడు నేను దాన్ని తిట్టినాను. "కాగితంలో బాగుందని రాసి ఉంది, నాటకాలాడాకు" అన్నాను. నేనే రాయించిన అబద్ధాన్ని నేనే నమ్మినాను. అది, "సరే నాయినా" అంది.

ఆ ఆదివారం మేడమ్ మా ఇంటికి వచ్చినారు. పిలవలేదు, చెప్పలేదు, చేతిలో సంచి పట్టుకుని స్టేషన్ నుంచి నడిచి వచ్చినారు. పాప కాలు తాటించి చెప్పిన తీరు ఆమెకు నిద్ర పట్టనివ్వలేదట. మగ్గం దగ్గర కూచుని నన్ను అంచు నెయ్యమన్నారు. నాలుగు మాటలకు ఒక తొక్కుడు విన్నారు.

"పాప చెప్పిన తాళం ఇదే గదా అన్నా?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. తలుపు తెరిచి పట్టుకున్నట్టే అడిగినారు. నేను, "మా మగ్గాల ఇండ్లలో పిల్లలంతా అట్లే చెప్తారు మేడమ్. మా అలవాటు" అన్నాను.

ఆమె మొహం వెలిగింది. వెంటనే పుస్తకం తీసి రాసుకున్నారు. నేతగాళ్ళ పిల్లలు మాటలను గుర్తుపెట్టుకునే తీరే వేరని, అట్లయితే తాను ఇంతకాలం లెక్క వేసిన పద్ధతి మార్చుకోవాలని అన్నారు. పాప ఎక్కడ అని అడిగితే జలుబు చేసి పడుకుందని చెప్పినాను.

తరవాతి రెండు ఆదివారాలు కూడా ఆమె వచ్చినారు. మా వీధి, పక్క వీధి, కొండ వెనక వీధి. ఏ ఇంట్లో పిల్లలుంటే ఆ ఇంటికి. ఇండ్లు చూపించింది నేనే. ముందు నేను నడిచేవాణ్ణి, వెనక ఆమె గొడుగు పట్టుకుని. మెట్లెక్కితే ఆయాసపడేవారు. ఆ ఆయాసం ఎందుకో నాకు శుక్రవారం దాకా తెలియదు.

నా భార్య ఒక్క మాటే అంది. "ఆ తల్లిని ఎండలో తిప్పతా ఉండావే, నీకు మనసెట్ల ఒప్పతా ఉంది?"

మూడో ఆదివారం మధ్యాహ్నం ఒక ఇంటి అరుగు మీద కూచుని, మజ్జిగ చెంబు కింద పెట్టి, "ఒక్క పిల్ల గూడా మీ పాప మాదిరి చెప్పలేదు అన్నా" అన్నారు. నన్ను చూసి అనలేదు. చెంబును చూసి అన్నారు.

అప్పుడు చెప్పినాను. తెర, బెంచీ, పన్నెండు మాటలు, 'మామూలు' అని రాసిన పుట, జలుబు, అన్నీ. నిలబడే చెప్పినాను.

ఆమె రాసుకునే పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు. తరవాత, "నాకు కోపంగా ఉంది అన్నా. అది తరవాత చూసుకుందాం. పాప యాడుంది?" అన్నారు.

ఇంటికి వచ్చి, చీకటి చేసిన గదిలో పాప పక్కన నేల మీద కూచున్నారు. "తలలో ఏముందమ్మా?" అంటే, "పవర్‌లూము ఉంది. కరెంటు పోయినా ఆడతా ఉంది" అంది పాప. ఆమె దాని అరికాలు మీద చెయ్యి వేసి అట్లే కూచున్నారు. పోయేముందు బడికి తన చేత్తో చీటీ రాసినారు. రోజుకు రెండు పీరియడ్లు, తరవాత మూడు, తలనొప్పి వస్తే ఒక మెట్టు కిందికి. మంచం మీదే ఉంచకూడదు, తరమకూడదు. మధ్యాహ్నం పక్క ఊళ్ళో ఉన్న పెద్దమ్మ ఇంట్లో పడుకోబెట్టమన్నారు, అక్కడ మగ్గాల చప్పుడు లేదని. నాకు మళ్ళీ అదే పని ఇచ్చినారు, రోజూ రాయమని. ఆ అబద్ధాల పుట చించబోతే వద్దన్నారు. "ఉండనీ. ఏది నిజమో పక్కన రాయండి."

పాప కోలుకోవడానికి ఆరేడు నెలలు పట్టింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఎక్కువసేపు చదివితే లేచి పోయి పెరట్లో నిలబడి వస్తుంది, ఎవరూ చెప్పకుండానే. అది గూడా ఆమె నేర్పిందే.

'తరవాత చూసుకుందాం' అన్న కోపం మాత్రం ఎప్పుడూ రాలేదు. పోయిన ప్రతిసారీ దాని కోసం ఎదురుచూసినాను. ఆమె వేరుశనక్కాయలు నాకూ పెట్టి, పాప సంగతి అడిగి పంపేవారు.

ఆదివారం తిరువళ్ళూరు పోయినాను. ఆస్పత్రి హాల్లో యాభై అరవై మంది. ఆమె కింద చదువుకున్నవాళ్ళు, ఆమె చూసిన పిల్లల తల్లులు. ఒక పెద్ద డాక్టరు మైకు పట్టుకుని ఆమె ఓపికను, నిజాయితీని పొగిడినారు. తరవాత నవ్వుతా అన్నారు: "ఒక్కటే పొరపాటు. ఆ తెర. పలచటి తెర కట్టి పరీక్షలు చేసినారు. బయటికి వినపడతా ఉందని తరవాత తామే రాసిచ్చి, ఒక ఏడాది పనంతా తీసేసి మళ్ళీ మొదటి నుంచి చేసినారు. తప్పు నాదే, నేనే చూసుకోలేదు అని రాసినారు. ఎవరు చేస్తారు అట్లా?"

అందరూ మెల్లగా నవ్వినారు, ప్రేమగానే. నేను మూడో వరసలో కూచుని ఉన్నాను. ఒక ఏడాది పని అని అప్పుడే తెలిసింది. పిల్లల తల్లిదండ్రులెవరైనా నాలుగు మాటలు చెప్పండి అన్నారు. ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను తల వంచుకున్నాను.

అందరూ పోయినాక, వరండాలో ఆ అమ్మాయిని నిలబెట్టి చెప్పినాను. తెర తప్పు కాదు, బెంచీ జరుపుకున్నది నేను అని.

ఆ అమ్మాయి సర్దుతా ఉన్న కుర్చీ కింద పెట్టింది. "మాకు గూడా చెప్పలేదే ఆయమ్మ. ఆ తెర కుట్టించింది నేను. నాలుగేండ్లుగా నా వల్లే మాట పడినారని అనుకుంటా ఉండాను" అంది.

నా మౌనం ఇంకొకరి మీద కూడా పడి ఉందని ఊహించలేదు.

"నాకు చెప్పితే ఏం లాభం అన్నా? మైకు పట్టుకున్నాయనకు చెప్పాల్సింది."

"ఆయన కారెక్కి పోయినారు."

"అయితే రాయండి. మీరు రాస్తారు గదా. నేను అందరికీ పంపిస్తా."

ఇది ఆ రాత. చదివేవాళ్ళలో ఆ హాల్లో నవ్విన వాళ్ళుంటే, ఆ పొరపాటును ఆమె లెక్కలోంచి తీసి నా లెక్కలో వేయండి.

ఆ రోజు నేను బయలుదేరేముందు ఆ అమ్మాయి పరీక్షల గది తాళం తీసింది, ఒక్కసారి చూసి పోండి అని. ఇప్పుడు అక్కడ తెర లేదు, చెక్క తలుపు ఉంది. చాప ఉంది. చాప వెనక సున్నం గోడ మీద, నేల నుంచి మూరెడు ఎత్తులో, నూనె మరకలు. అలిసిపోయిన పిల్లలు తల ఆనించి ఆనించి పడినవి. పొట్టి పిల్లలవి కింద, పొడుగు పిల్లలవి పైన, ఒకదాని మీద ఒకటి. రెండుసార్లు సున్నం వేసేవాళ్ళు వస్తే ఈ గోడను ముట్టుకోవద్దని మేడమ్ పంపించేసినారట. చాపకు ఇటువైపు, ఆమె కూచునే చోట, గోడ మీద ఇంకొక మరక ఉంది. కూచున్న పెద్దవాళ్ళ తల ఎత్తులో, గుండ్రంగా, బాగా ముదిరి.

నేను ఆ చోట కూచుని చూసినాను. నా తల సరిగ్గా దానికే వచ్చింది. ఆనించలేదు.